ఇంట్లో చెక్కిన విల్లుకు ఏ బ్యాకింగ్ వేయాలి: పట్టుగుడ్డా, మేకతోలా, వెదురు బద్దా, నరమా?

మీరు అడిగింది ఇదీ: కాకినాడలో ఉంటారు. దిగుమతి కలప అమ్మే డిపోలో యాష్ చెక్క కొని 66 అంగుళాల విల్లు చెక్కారు. 28 అంగుళాల లాగుడుకు 40 పౌండ్లు రావాలని మీ లెక్క. 22 అంగుళాల దాకా లాగేసరికి పై లింబు (పిడికి పైన వంగే భాగం) వీపు మీద సన్నటి పేడు లేచింది. దాన్ని నిలబెట్టుకోవడానికి వీపు మీద ఏం అంటించాలి, అంటే ఏ బ్యాకింగ్ వేయాలి? వీడియోల్లో అందరూ నరమే గొప్పదంటున్నారు కదా, అదే వేయనా? ఫైబర్‌గ్లాస్ అయితే ఎలా ఉంటుంది? తర్వాతి విల్లుకు మొదటినుంచే ఏది వేస్తే మంచిది?

ముందు జవాబు చెప్పేస్తాను. ఈ విల్లుకు పట్టుగుడ్డ వేయండి, పౌండేజీ (పూర్తిగా లాగడానికి కావలసిన బలం) 34 పౌండ్ల దగ్గరికి దించుకోండి. తర్వాతి విల్లుకు వెదురు బద్ద వేయండి. నరం (జంతువు కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి పోగు) జోలికి వెళ్లకండి. నరం చెడ్డదని కాదు. 66 అంగుళాల విల్లుకు దాని అవసరం లేదు, కాకినాడ గాలి దానికి పడదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. విల్లు పట్టుకుని నిలబడినప్పుడు లక్ష్యం వైపు ఉండే ముఖం వీపు, మన వైపు ఉండేది పొట్ట. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వంపు భారమంతా ఈ రెండు ముఖాల మీదే పడుతుంది. నలుచదరపు లింబు మందంలో పైన పదో వంతు, కింద పదో వంతు, ఈ రెండూ కలిసి దాదాపు సగం భారం మోస్తాయి. నడుమ ఉన్న చెక్క ఆ రెండింటినీ దూరంగా పట్టి ఉంచడమే ఎక్కువ. వీపు మీద ఒక మిల్లీమీటరు మందాన ఏం అంటించినా విల్లు నడక మారేది ఇందువల్లే.

బ్యాకింగ్ ఎంచుకునేటప్పుడు అందరూ "ఏది ఎక్కువ గట్టిది" అని అడుగుతారు. నేను ముందు పొట్ట వైపు చూస్తాను. వీపు మీద బిరుసైన పదార్థం వేస్తే వంపు నడిమి గీత (సాగుడూ నలుగుడూ లేని చోటు) వీపు వైపు జరుగుతుంది, అప్పుడు పొట్ట ఇంకా ఎక్కువ నలగాలి. పొట్ట చెక్కకు ఆ ఓపిక లేకపోతే అడ్డంగా సన్నటి ముడతల్లాంటి గీతలు పడతాయి. అవి ఒకసారి పడ్డాక ఏ బంకా వాటిని పోగొట్టదు. వీపు చక్కగా ఉండి పొట్ట చితికిన విళ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి. ఖమ్మం నుంచి ఒక కుర్రాడు టేకు విల్లు తెచ్చాడు. గోడ పగుళ్లకు అంటించే ఫైబర్‌గ్లాస్ టేపును రెండు వరసలు ఎపాక్సీతో వేశాడు. వీపు మీద గీత కూడా లేదు. పొట్ట పిడి దగ్గర్నుంచి సగం లింబు దాకా గీతలే గీతలు.

ముందు ఆ పేడు సంగతి. విల్లు పక్కకు తిప్పి, లింబు అంచు మీద చెక్క పోగులు ఎటు పోతున్నాయో చూడండి. పిడి నుంచి కొప్పు (నారి తగిలించే కొస) దాకా అంచుకు సమాంతరంగా సాగితే మంచి చెక్క. నడిమధ్యలోనే పోగు వీపు మీదికి వాలి తెగిపోయిందంటే పేడు లేచేది అక్కడే. పేడు ఒక మిల్లీమీటరు కన్నా లోతుకు దిగినా, లింబు వెడల్పులో మూడో వంతు కన్నా ఎక్కువ పరిచినా ఆ చెక్క మీద ఆశ వదులుకోండి. ఏ బ్యాకింగూ దాన్ని కాపాడదు, విరిగితే ముక్క ముఖానికి వస్తుంది. అంతకన్నా చిన్నదైతే పల్చటి సూపర్‌గ్లూ చుక్కలు పేడు కిందికి పోయండి. దారంతో బిగించి ఆరనిచ్చి, నున్నగా రుద్దండి. తరవాతే బ్యాకింగ్.

పౌండేజీ దించమన్నానంటే కారణం ఉంది. ఒకే వంపు దగ్గర వీపు ఎంత సాగుతుందన్నది లింబు మందాన్ని బట్టి ఉంటుంది, వెడల్పును బట్టి కాదు. మందం ఇరవయ్యో వంతు తగ్గిస్తే వీపు సాగడం కూడా అంతే తగ్గుతుంది, పౌండేజీ మాత్రం దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. అంటే 40 కాస్తా 34 అవుతుంది. ఆ తగ్గింపు పొట్ట వైపు నుంచే తీయాలి. వీపును ఆకురాయితో ముట్టుకోకండి. 34 పౌండ్ల విల్లు పదిహేను ఇరవై గజాల సాధనకు హాయిగా సరిపోతుంది.

పట్టుగుడ్డ. మొదటి విల్లు చేసేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పల్చన, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది, పొట్ట మీద అదనపు భారం వేయదు. గుడ్డ నేతలో పోగులు పైకీ కిందికీ వంకర తిరిగి ఉంటాయి కాబట్టి అది చెక్క బదులు భారం మోస్తుందని అనుకోకండి. దాని పని పేడును లేవనివ్వకుండా అదిమి ఉంచడం. మీకు ఇప్పుడు కావలసిందీ అదే. పాత పట్టుచీర ఉంటే భేషుగ్గా పనికొస్తుంది. జరీ అంచు వదిలేసి ఒంటి భాగం తీసుకోండి. చీర పొడవున సాగే పోగులే పడుగు. ఆ పడుగు లింబు పొడవున రావాలి, పేక అడ్డంగా. ముందు ఒక పోగు లాగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపితే బూడిదైతే పట్టు. కరిగి ఉండ కడితే పాలిస్టరు, దానికి చెక్క బంక పట్టదు.

వీపును 120 నంబరు గరుకు కాగితంతో పొడవునా రుద్ది, దుమ్ము తుడిచి, తడికి ఆగే రకం చెక్క బంకను పల్చగా రాయండి. గుడ్డను కూడా బంకలో తడిపి పరచండి. నడిమి నుంచి అంచులకు వేలితో నొక్కుతూ గాలి బుడగలు లేకుండా లాగాలి. రెండు వరసలు చాలు. అంచుల దగ్గర గుడ్డ లింబు పక్కకు కొంచెం మడిచి, ఆరాక బ్లేడుతో కోయండి. నాలుగు రోజులు ముట్టుకోవద్దు.

పట్టుతోనే ఇంకో మెట్టు పైకి వెళ్లొచ్చు. ధర్మవరం వైపు మగ్గాల దగ్గర పట్టు నూలు చిలపలు దొరుకుతాయి. ఆ దారాలను నేయకుండా, దువ్వి, బంకలో తడిపి, లింబు పొడవునా పక్కపక్కన పరిస్తే పోగు వంకర ఉండదు, మొదటినుంచే బిగువు పట్టుకుంటుంది. ముడి పట్టుకు సహజంగా ఉండే జిగురు పోయేలా సబ్బు నీళ్లలో ఉడికించిన నూలే తీసుకోవాలి, లేకపోతే బంక లోపలికి దిగదు. ఓపిక కావాలి, కానీ ఫలితం గుడ్డకూ వెదురుకూ నడుమ ఉంటుంది.

ఇదే పద్ధతిలో గోగు నార కూడా వేయొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వైపు మెట్ట పొలాల్లో పండేదే. విదేశాల్లో చాలామంది అవిసె నార పరుస్తారు, మనకు అది చవగ్గా దొరకదు. గోగు నార అంత సన్నగా విడదు గానీ, నీళ్లలో నానబెట్టి చెక్క దువ్వెనతో పలుమార్లు దువ్వితే బాగానే విడుతుంది. నార ఏదైనా పట్టులా సాగదు, ఆ మేరకు కొంచెం బిరుసు. యాష్ మీద ఒక పల్చటి వరస దాటొద్దు. లినెన్ గుడ్డ పట్టుగుడ్డ లాంటిదే, కొంచెం మందం, వేరే చెప్పాల్సింది లేదు.

మేకతోలు. ఊనిన తోలు కాదు. బూట్లకూ సంచులకూ వాడే తోలు మెత్తగా సాగిపోతుంది, వీపు మీద దానికి పనే లేదు. కావలసింది పచ్చి తోలు: వెంట్రుక గీకి, లాగి కట్టి, ఎండబెట్టి, బిరుసుగా అయింది. డప్పులు మూసేవాళ్ల దగ్గర ఇది ఉంటుంది. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటలో బొమ్మల కోసం మేకతోలును వెలుగు పారేంత పల్చగా తీర్చుతారు. రంగు వేయని ఆ తోలు ముక్క విల్లుకు మరీ బాగుంటుంది. ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. దూడతోలు, గేదెతోలు మందం, విల్లు కొసలు బరువెక్కి బాణం నెమ్మదిస్తుంది.

తోలు కూడా గుడ్డ లాగే పేడును అదిమి ఉంచడానికే, కాకపోతే గుడ్డ కన్నా గట్టి కాపలా. రాళ్లకూ కొమ్మలకూ రాసుకున్నా వీపు చెక్కుకుపోదు. పొలాల్లోకీ అడవిలోకీ విల్లు పట్టుకెళ్లేవాళ్లకు నేను గుడ్డ కన్నా తోలే చెప్తాను. పిడి దగ్గర వంపు ఉండదు కాబట్టి రెండు ముక్కలను అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతకొచ్చు, అంత పొడవు ఒకే తోలు కోసం వెతకనక్కర్లేదు. మామూలు నీళ్లలో మెత్తబడేదాకా నానబెట్టండి. వేడి నీళ్లు వద్దు, తోలు ముడుచుకుని జిగురైపోతుంది. పిండి, బంక రాసి, పరిచి, పాత నూలుగుడ్డ పట్టీలు చుట్టండి. ప్లాస్టిక్ గానీ రబ్బరు గానీ చుడితే లోపలి తడికి దారి ఉండదు.

తోలులోని ఆ నీళ్లు చెక్కలోకీ దిగుతాయి. పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల చెక్క ఇంకా తడిగానే ఉంటుంది. ఆ తడితో వంచితే విల్లు లాగినట్టే వంగి ఉండిపోతుంది, మళ్లీ నిటారు కాదు. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ విల్లు తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగి మూడు రోజులు ఒకే అంకె చూపిస్తేనే నారి ఎక్కించండి. తేదీలు లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మకం. వానల్లో పది రోజులు దాటినా ఆశ్చర్యం లేదు. చివర్లో వార్నిష్ కనీసం మూడు పూతలు. వార్నిష్ లేని తోలును ఎలుకలూ తోలు పురుగులూ వదలవు, బూజు కూడా పడుతుంది.

నరం. దీని మీద మోజు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. జంతువు కాలి నరాన్ని ఎండబెట్టి, చెక్క సుత్తితో కొట్టి, పోగులుగా చీల్చి, వేడి సరేసులో ముంచి (కోస్తాలో పాత వడ్రంగులు వజ్రం అనే బంక ఇదే) వరసలు వరసలుగా పరుస్తారు. నరం తెగే లోపు చెక్క కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. ఎండుతూ ముడుచుకుంటూ కొసలను ముందుకు లాగుతుంది. వీటి వల్లే పొట్టి విల్లును కూడా బాగా వెనక్కి లాగడం కుదురుతుంది. తుర్కీలు, మంగోలులు, కొరియన్లు పొట్టకు కొమ్ము, వీపుకు నరం వేసి చేసిన విళ్లు గుర్రం మీద నుంచి వేయడానికి పొట్టిగా ఉండాలి కాబట్టే అలా తయారయ్యాయి. 1916లో చనిపోయిన యాహీ తెగ మనిషి ఇషీ కాలిఫోర్నియాలో చేసిన పొట్టి జూనిపర్ విళ్లకు కూడా నరమే. జూనిపర్ చెక్క ఒంటరిగా అంత సాగుడుకు ఆగదు.

మీ 66 అంగుళాల విల్లు 28 అంగుళాలు లాగడానికి అంత సాగుడు అక్కర్లేదు. చెక్క కన్నా దాదాపు రెట్టింపు బరువున్న పదార్థాన్ని లింబు పొడవునా మోయించి, దానికి బదులుగా ఏం పొందుతారు? బాణం వేగం తగ్గుతుంది. ఇక తేమ. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట చెక్కలో తడి 9 శాతం దగ్గర నిలుస్తుంది. 80 శాతం ఉన్నచోట 16 దాకా పోతుంది. సరేసు, నరం ఆ తేమకు మెత్తబడతాయి, పౌండేజీ పడిపోతుంది. కొరియాలో కొమ్ము విళ్లను వేడి పెట్టెల్లో దాచుకునేది ఇందుకే. మన దేశంలో ఉక్కు విళ్లు చేయించడానికి కూడా కొమ్ము-నరం విళ్లు వానాకాలానికి ఆగకపోవడం ఒక కారణమని చెబుతారు. జింక నరం గురించి వీడియోల్లో చూసి ఉంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేట నేరం, ఆ ఊసే వద్దు. అనంతపురం లాంటి పొడి నేలలో, 50 అంగుళాల లోపు విల్లు చేయాలని పట్టుదల ఉన్నవాళ్లు గేదె కాలి నరంతో చేసుకోవచ్చు. సరేసును నీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచాలి, మరిగిస్తే పట్టు పోతుంది. ఆరడానికి నెలలు పడుతుంది.

ఇక వెదురు. తర్వాతి విల్లు గురించి అడిగారు కదా, నా మనసు ఇక్కడే ఉంది. మన నేల మీద, మన గాలిలో, చేతికందే ధరలో దీన్ని మించిన బ్యాకింగ్ లేదని నమ్ముతాను. వెదురు బలమంతా పై పెచ్చు కింద ఉంటుంది. పోగులు అక్కడ దట్టం, లోపలికి పోయేకొద్దీ పలచన. ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లు బ్యాకింగ్ మాటే లేకుండా వెదురు బద్దతోనే విల్లు కట్టుకోగలిగేది ఆ పోగుల వల్లే. జపాన్‌లో యుమి అనే పొడవాటి విల్లుకు రెండు ముఖాలకూ వెదురే వేస్తారు.

బొంగు ఎంత లావుంటే బద్ద అంత బల్లపరుపుగా వస్తుంది, నాలుగంగుళాల పైన ఉన్నది చూడండి. మూడేళ్లు దాటిన ముదురు బొంగు, వానలు పోయాక చలికాలంలో కొట్టింది కావాలి. లేత బొంగుకు పుచ్చు పురుగు తొందరగా పడుతుంది. చీల్చి, నీళ్లలో కొన్నాళ్లు నానేసి, నీడలో ఎండబెట్టండి. తరవాత బొగ్గుల సెగ మీద తేనె రంగు వచ్చేదాకా కాస్తే మిగిలిన తడీ పోతుంది.

లోపలి ముఖాన్ని చిత్రిక పట్టి చదును చేయండి. మందం పిడి దగ్గర 3 మి.మీ., కొప్పుల దగ్గర 2 మి.మీ. లోపు. గుండ్రం వల్ల నడిమి కన్నా అంచులు ఎప్పుడూ పలచగా ఉంటాయి, అది మంచిదే. పై పెచ్చును చెక్కకండి. కణుపుల దగ్గర ఉబ్బును అలాగే వదిలేయండి, అంచు పదును మాత్రం గరుకు కాగితంతో తేలిగ్గా తగ్గించొచ్చు. కణుపు బాగా కనబడకుండా ఉండాలని చదును చేస్తే పోగులు తెగుతాయి, విల్లు అక్కడే విరుగుతుంది. కొత్తవాళ్ల వెదురు విళ్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదీ, మందం ఎక్కువ ఉంచడమూ.

వెదురు యాష్ కన్నా చాలా బిరుసు, కాబట్టి ముందు చెప్పిన పొట్ట లెక్క ఇక్కడ గట్టిగా వర్తిస్తుంది. పొట్టకు నలుగుడును ఓర్చే చెక్క కావాలి. కావడి బద్దలకూ గొడ్డలి కామలకూ పేరున్న తడ చెట్టు చెక్క (కొన్ని ఊళ్లలో చరచి అంటారు) దొరికితే వదలకండి. ముదురు తాటి చేవ కూడా పనికొస్తుంది, బయటి నల్లటి భాగం మాత్రమే తీసుకోవాలి. అమెరికాలో వెదురు కింద ఎక్కువగా ఇపే అనే గట్టి చెక్క వేస్తారు, పెద్ద నగరాల్లో డెక్ పలకలుగా మనకూ దొరుకుతుంది. యాష్ తప్ప గతి లేదంటే లింబు వెడల్పుగా ఉంచి, అడ్డకోతలో వీపు వైపు ఇరుకుగా, పొట్ట వైపు వెడల్పుగా ఉండేలా పక్కలు వాలుగా చెక్కండి. వెదురు వెడల్పు తగ్గేకొద్దీ పొట్ట మీద దాని పెత్తనం తగ్గుతుంది.

అతికేటప్పుడు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ వాడండి. రెండు ముఖాలూ గరుకుగా ఉండాలి. కొప్పులు ముందుకు అంగుళం, అంగుళంన్నర వచ్చేలా అచ్చు మీద కట్టి బిగిస్తే, విల్లు వాడాక వెనక్కి వంగే మేర అక్కడే సర్దుకుంటుంది. క్లాంపులు కొనక్కర్లేదు, సైకిల్ ట్యూబును అంగుళం పట్టీలుగా కోసి లింబు పొడవునా లాగి చుట్టండి, అంతటా సమంగా ఒత్తుతుంది. గోడలకూ కిటికీలకూ వాడే మామూలు తెల్ల బంక ఎడతెగని బిగువు కింద మెల్లగా జారుతుంది, ఈ పనికి వద్దు.

ఫైబర్‌గ్లాస్ అడిగారు. పోగులన్నీ ఒకే వైపు ఉన్న గ్లాస్ పట్టీ చెక్క కన్నా మూడు నాలుగు రెట్లు బిరుసు, పొట్టకు కూడా గ్లాస్ వేస్తేనే లెక్క కుదురుతుంది. అప్పుడది చెక్క విల్లు కాదు, వేరే విద్య. రుద్దేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. హికరీ అనే అమెరికా చెక్క పట్టీ బాగుంటుంది, మన దగ్గర దొరకడం కష్టం.

అసలు బ్యాకింగే లేని విళ్లున్నాయని మరచిపోవద్దు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన యూ చెట్టు విళ్లకు వీపున తెల్లచెక్క, పొట్టన చేవ, ఆ చెట్టే వాటికి బ్యాకింగ్ ఇచ్చింది. టెక్సాస్‌లో ఉండే మన తెలుగాయన ఒకరు అక్కడ దొరికే ఓసేజ్ చెట్టు దుంగతో విళ్లు చేస్తారు. వీపు మీద చెట్టులో ఏడాదికొకటి పెరిగే వలయాల్లో ఒకే వలయాన్ని కొప్పు నుంచి కొప్పు దాకా తెగకుండా తీస్తారు, పైన నూనె తప్ప ఇంకేమీ రాయరు. వలయం తెగని వీపుకు అంటించాల్సింది ఏమీ ఉండదు. డిపో పలకల్లో అది దొరకడం అరుదు కాబట్టే మనకీ చర్చ.

బ్యాకింగ్ వేశాక మళ్లీ మొదటినుంచి వంచుకుంటూ రావాలి, పాత 22 అంగుళాల దగ్గర మొదలు పెట్టొద్దు. గోడకు పిడి బిగించి, కింద కప్పీ గుండా తాడు లాగుతూ ఆరడుగుల దూరం నుంచి చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ప్రతి అంగుళానికీ ఇరవై ముప్పై సార్లు కొంచెం కొంచెంగా వంచి, రెండు లింబులూ ఒకేలా వంగుతున్నాయని చూశాకే తర్వాతి అంగుళానికి పోవాలి.

మీ దగ్గర ఇప్పుడు వానలుంటే తోలు పని పెట్టుకోకండి. పట్టుగుడ్డకు ఆ ఇబ్బంది లేదు, ఈ వారమే వేసేయొచ్చు. బంక రాసే ముందు లింబు పక్క అంచు ఫోటో, పేడు మీద స్కేలు పెట్టిన ఫోటో ఇక్కడ పెట్టండి. పోగు వాలు చూస్తే ఆ చెక్క మీద గుడ్డ దండగ అవుతుందో లేదో చెప్పగలను.